వంతెన మీద రొట్టెలవాడి కథ

మా వీధి చివర ఉండే కమీల్ వెర్హాగె బెల్జియంలోని ఈ బ్రూజ్‌ ఊళ్ళో పుట్టి, బ్రూజ్‌లోనే గుర్రబ్బండి తోలుతూ ముసలివాడయ్యాడు. టూరిస్టులను సంత చౌకులో ఎక్కించుకుని, కాలువల పక్కగా, చర్చిల వెనకగా తిప్పి, మళ్ళీ అదే చౌకులో దింపడం అతని పని. కాళ్ళ మీద దుప్పటి కప్పడం, నాలుగు భాషల్లో కబుర్లు చెప్పడం వస్తే చాలు, మిగతాది గుర్రం చూసుకుంటుందనేవాడు.

మోకాళ్ళు మొరాయించడంతో పోయిన వసంతంలో పగ్గాలు లోరె చేతికిచ్చాడు. లోరె అతని దగ్గరే పని నేర్చుకుంది. ఇద్దరు పిల్లల తల్లి, గొంతు మాత్రం చౌకు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపిస్తుంది. గుర్రం పేరు బిషప్. దాని పొట్టనూ, తీరికగా నడిచే తీరునూ చూసి ఆ పేరు పెట్టింది కమీలే.

బండి దిగాక అతనికో చిక్కొచ్చి పడింది. ఇన్నేళ్ళూ ఊరిని ఎత్తు పీట మీద నుంచి చూసినవాడు. పై అంతస్తు కిటికీలూ, గోడల మీద చెక్కిన బొమ్మలే అతని గుర్తులు. కాలినడకన బయలుదేరితే అన్నీ తలుపులే. బండి పట్టని సందుల్లో అతను ఎన్నడూ అడుగు పెట్టలేదాయె. ఒకరోజు రొట్టె కొనడానికి వెళ్ళి దారి తప్పి, ఫోనులో మ్యాపు చూసుకుంటున్న జపాన్ దంపతులను దారి అడిగాడు. వాళ్ళు మర్యాదగా ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి, అతన్ని మధ్యలో నిలబెట్టి ఫోటో కూడా తీసుకున్నారు.

భార్య ఇర్మా కడుపు పట్టుకుని నవ్వింది. "ఏవయ్యా, పాపం అంత దూరం తిప్పి చూపించారు. వాళ్ళకి టిప్పేమైనా ఇచ్చావా?"

ఇర్మాదీ ఈ ఊరే. అయినా ఆ బండి ఒక్కసారీ ఎక్కలేదు. ఎప్పుడడిగినా, "ఊళ్ళో పుట్టినదానివి, నీకు చూపించేదేముందే?" అని కమీల్ కొట్టిపారేసేవాడు. ఈసారి పుట్టినరోజుకు ఆమె పట్టుబట్టింది.

"నాకు కేకూ వద్దు, పూలూ వద్దు. టూరిస్టులా టోపీ పెట్టుకుని బండెక్కాలి. నువ్వూ పక్కన కూర్చోవాలి."

అలా ఒక మధ్యాహ్నం ఇద్దరూ లోరె బండెక్కారు. మొదటి మలుపు దాటకముందే కమీల్ మొదలుపెట్టాడు.

"ఎడమకి చూడమని ముందే చెప్పాలి లోరె. దాటిపోయాక చెప్తే ఏం చూస్తారు?"

"బాబాయ్, ఇవాళ మీరు టూరిస్టు. నోరు మూసుకుని దుప్పటి కప్పుకోండి."

నోరు మూసుకున్నాడు గానీ, అలవాటు కొద్దీ నాలుకతో టకటకమన్నాడు. పాత యజమాని చప్పుడు గుర్తుపట్టిన బిషప్ పరుగందుకుంది. లోరె దాన్ని అదుపు చేయడానికి నానా తంటాలూ పడింది.

కాలువ మీది చిన్న రాతి వంతెన రాగానే గుర్రం తనంతట తానే ఆగింది. లోరె వంతెన పిట్టగోడలో ఒక రాతిని చూపించి గొంతు తగ్గించింది.

"పూర్వం ఒక రొట్టెలవాడు అవతలి ఒడ్డున బట్టలుతికే అమ్మాయిని ప్రేమించాడు. రోజూ ఇక్కడ బండాపి, ఈ రాతి మీద ఆమె కోసం వేడి రొట్టె పెట్టి వెళ్ళేవాడు. అతను చనిపోయాక కూడా గుర్రం ఒంటరిగా వచ్చి ఇక్కడ ఆగేదట. అప్పట్నుంచి ఏ గుర్రమైనా ఇక్కడ ఆగాల్సిందే. ఈ రాతి మీద ఎడమ చెయ్యి పెట్టి ఏదైనా కోరుకోండి, జరుగుతుంది. పైకి మాత్రం చెప్పకూడదు."

ఇర్మా కళ్ళొత్తుకుంది. "పెళ్ళికి ముందు నేనూ ఈ రాతి మీద చెయ్యి పెట్టాను."

కమీల్ దగ్గాడు. ఆ దగ్గు ఎలాంటిదో ఇర్మాకు తెలుసు.

"ఏంటా దగ్గు?"

"ఆ రొట్టెలవాడు లేడే ఇర్మా."

"చచ్చిపోయాడుగా, ఎలా ఉంటాడు?"

"చచ్చిపోలేదు. అసలు పుట్టనే లేదు."

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. తొలినాళ్ళలో అతనికో ఆడగుర్రం ఉండేది. రోజూ సరిగ్గా ఆ వంతెన మీదే ఆగి ఒంటేలు పోసేది. ఒకసారి వెనక కొత్త దంపతులు కూర్చున్నారు. ధార ఎంతకీ ఆగదు, చప్పుడు చూస్తే వీధంతా వినిపిస్తోంది. ఆ చప్పుడు కప్పిపుచ్చడానికి గొంతు పెంచి నోటికొచ్చిన కథ చెప్పాడు. మిగతా బండ్లవాళ్ళకూ ఆ కథ నచ్చింది. వాసన పట్టి వాళ్ళ గుర్రాలూ అక్కడే ఆగసాగాయి.

"బాబాయ్!" లోరె వెనక్కి తిరిగింది. "మొదటిసారి మీరు చెప్పినప్పుడు నేను వెక్కి వెక్కి ఏడ్చాను!"

"అయితే నేను ఒంటేలు కథకి మొక్కుకున్నానా?" అంది ఇర్మా.

"ఏం మొక్కుకున్నావేంటి?"

"మంచి మొగుడు రావాలని."

"వచ్చాడుగా!"

"అదే చూస్తున్నా, ఎక్కడ తేడా కొట్టిందా అని."

ఇంతలో కర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ, స్పెయిన్ మనిషిలా ఉంది, వచ్చి రాతి మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. కమీల్‌కు మనసొప్పలేదు. బండి దిగబోయాడు. ఇర్మా కోటు పట్టుకుని లాగింది.

"ఎక్కడికి?"

"నిజం చెప్పేస్తానే, పాపం."

"చెప్పి ఆవిడకేం ఒరగబెడతావు? కూర్చో."

అప్పటికే దిగాడు. పెద్దావిడ కళ్ళు తెరిచి, ఎదురుగా నిలబడిన మనిషిని చూసి, తన వంతు కోసం ఆగాడనుకుంది. పక్కకు జరిగి, రమ్మని సైగ చేసింది. ఏం చెయ్యాలో తోచక కమీల్ కుడిచెయ్యి పెట్టాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఆ చెయ్యి తీసేసి, అతని ఎడమ చెయ్యి తానే పట్టుకుని రాతి మీద ఆనించింది. కళ్ళు కూడా మూసుకోమంది. మూసుకున్నాడు. లోరె పగ్గాల్లో మొహం దాచుకుని నవ్వుతోంది. సరిగ్గా అప్పుడే బిషప్ తన పని కానిచ్చింది.

కమీల్ చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి ఇర్మా ముందు పీట మీద లోరె పక్కన కూర్చుని ఉంది.

"నువ్వు వెనక దర్జాగా కూర్చోవయ్యా. నేను ఇక్కడి నుంచి చూస్తా."

చౌకుకు చేరాక కూడా ఆమె దిగలేదు. ఈసారి కథ తానే చెప్తానని, కొత్తగా ఎక్కినవాళ్ళతో ఇంకో చుట్టు వెళ్ళింది. కమీల్ బంగాళాదుంప వేపుళ్ళ పొట్లం కొనుక్కుని బల్ల మీద కూర్చుని ఎదురుచూశాడు. వచ్చాక అడిగాడు.

"వంతెన దగ్గర ఏం చెప్పావే?"

ఇర్మా పొట్లంలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది.

"ఆ రొట్టెలవాడికి ఒక చెల్లెలుంది. దాని కథ నీకు తెలీదు."