లీజులో ఉన్న తొమ్మిది లక్షలు

నగర్తపేటలో నేను పనిచేసే గుడ్డల హోల్‌సేల్ కొట్టులో ఎవరికి జీతం పెరిగినా ముందు నా దగ్గరికే వచ్చేవారు. చదివింది పదో తరగతే. లెక్క మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి: ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టు, మిగతావన్నీ ఆ తర్వాతే.

నేనూ పెట్టాననే అనుకున్నాను. మేముండే ఇల్లు లీజుకు తీసుకున్నది. ఒకేసారి తొమ్మిది లక్షలు ఇంటాయన చేతిలో పెట్టాం. మూడేళ్ళు అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి వస్తుంది. నెలకు పద్దెనిమిది వేలు మిగులుతున్నాయని ఎంత సంబరపడ్డానో. ఆ తొమ్మిది లక్షలనే నా ఆరు నెలల ఖర్చు కింద లెక్కేసుకున్నాను. ఐదేళ్ళుగా ఇంట్లో ఎవరికీ జబ్బు చేయలేదని ఆరోగ్య బీమా కట్టడం కూడా ఆపేశాను.

లీజు రెండో ఏడు మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలింది. ఆపరేషన్ ఆలస్యం చేయవద్దన్నారు డాక్టరు. లక్షా నలభై వేలు అవుతుంది. మిగిలిన అద్దె నెలనెలా ఇంటి ఖర్చుల్లోనే కలిసిపోయింది; కొట్టులో మా పాప స్కూలు ఫీజుకు తీసుకున్న అప్పే ఇంకా తీరలేదు. కింది వాటాలో ఉండే ఇంటాయన దగ్గరికి వెళ్ళాను.

"నా దగ్గర యాడుండాదప్పా దుడ్డు? నువ్విచ్చింది పై అంతస్తు కట్టేదానికే అయిపాయె. కొత్తోళ్ళు లీజుకొస్తే, వాళ్ళిచ్చేదే నీకిస్తా."

"లక్షన్నర అయినా సర్దండి."

"కొట్లో అందరికీ లెక్కలు చెప్తావంట, నువ్వే ఇట్లడిగితే ఎట్లప్పా?" అని నవ్వాడు.

కోపం రాలేదు, అలసట వచ్చింది. ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పి వచ్చాను. నెలన్నర పాటు మనుషులు వచ్చి చూసి పోయారు. బెల్లు మోగినప్పుడల్లా ఆవిడ పక్కటెముకల కింద చెయ్యి అదుముకుని లేచి, మంచం మీది దుప్పటి సర్దేది.

చివరికి హూడిలో ఉద్యోగం చేసే ఒకాయన వచ్చాడు. నీళ్ళ సంగతి, కరెంటు సంగతి అడిగాక ఫోను తీసి లెక్క వేసుకున్నాడు.

"ఊళ్ళో స్థలం అమ్మిన డబ్బులు సార్. మాకున్నదంతా ఇదే. ఎలాగూ మొత్తం తిరిగొస్తుంది కాబట్టి సేవింగ్సే కదా?"

కొట్టులో ఎవరైనా ఆ మాట అనుంటే కూర్చోబెట్టి వద్దని చెప్పేవాణ్ణి. వంటగది గుమ్మంలో నిలబడి ఆవిడ నా ముఖమే చూస్తోంది.

"అద్దె మిగులుతుంది," అన్నాను. అబద్ధం కాదు.

వారం తిరక్కుండా ఆయన డబ్బు ఇంటాయన చేతి మీదుగా మాకు వచ్చింది. ఆపరేషన్ అయింది. మత్తు దిగాక ఆవిడ మొదట అడిగింది తన గురించి కాదు.

"మనింట్లోకి వచ్చిన ఆయప్పకు పిల్లోళ్ళుండారా?"

"ఇద్దరు."

ఆవిడ మెల్లగా ముఖం గోడవైపు తిప్పుకుంది.