‘అయితే?’ అని అడిగిన సారు

సారు పోయారన్న కబురు నాకు మిర్యాలగూడ బస్టాండులో అందింది. ఫోన్ చేసింది కోదాడలో డప్పు దళం నడిపే తమ్ముడు. "సారు ఇక లేరన్నా. పొద్దున చాయ్ తాగి కుర్చీలోనే ఒరిగిపోయారంట," అన్నాడు. సూర్యాపేట బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు, ఆ ఊళ్లో సారు ఇల్లెక్కడో నాకు తెలియదని. తమ్ముడికే మళ్లీ ఫోన్ చేసి అడిగాను. అతనికీ తెలియదు. ఇన్నేళ్లు ఆయన ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లం, చివరికి దారిన పోయేవాళ్లను అడుగుతూ ఆ గడప తొక్కాం.

సారు ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పాట రాదు, దరువు తెలియదు. ఆదివారం వస్తే చాలు, ఒక వారం సూర్యాపేట, ఒక వారం కోదాడ, ఒక వారం మిర్యాలగూడ. మాలాంటి కళాకారులను పోగేసి, కళలకు సర్కారు ఇచ్చే గ్రాంటు కోసం దరఖాస్తు ఎలా రాయాలో ఉచితంగా నేర్పేవారు. సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలు వాళ్లు భోజనాల గది ఇచ్చేవారు. ముహూర్తాల రోజుల్లో వంటవాళ్ల పక్కనే, ఉల్లిగడ్డల ఘాటుకు కళ్లు తుడుచుకుంటూ నేర్చుకున్నాం. మిర్యాలగూడలో రైసు మిల్లు వరండా. మిల్లు మోత మొదలైతే సారు గొంతు పెంచేవారు కాదు. కళ్లద్దాలు తీసి తువ్వాలతో తుడుచుకుంటూ, మోత ఆగేదాకా కూర్చునేవారు.

నేను గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, డోలు దరువు మీద ఒగ్గు కథ చెప్పుకునేవాణ్ని. మా కథలో ముందు మల్లన్నకు మొక్కాలి, తర్వాత గురువుకు, ఆ తర్వాత ఊరి పెద్దలకు. అప్పుడు గానీ కథ మొదలవదు. నా మొదటి దరఖాస్తూ అలాగే రాశాను. దేవుడికి, గురువుకు, అధికారులకు దండాలు పూర్తయ్యేసరికి రాయమన్న జాగా కాస్తా నిండిపోయింది. అడుగున "పేద కళాకారులం, దయతలచండి" అని ఇరికించాను.

సారు చదివి పడీపడీ నవ్వారు. "మల్లన్న మంచిగనే ఉన్నడు. నువ్వేడ ఉన్నవ్ దీంట్ల?" అన్నారు. అందరి ముందు నాకు తల కొట్టేసినంత పనయింది.

ఆ రోజు నా చేతి నుంచి పెన్ను తీసేసుకున్నారు. ఒగ్గు కథలో కథకుడి పక్కన వంత ఉంటాడు. కథకుడు ఒక మాట అనగానే "ఆఁ... అయితే?" అని అందుకుని కథను ముందుకు తోస్తాడు. సారు ఆ పద్ధతిని తన తరగతిలోకి తెచ్చుకున్నారు. ఒకరు తమ పని నోటితో చెప్పాలి, ఎదుటివారు వంతగా "అయితే?" అనాలి. తడుముకోకుండా చెప్పడం వచ్చాకే కాగితం. నాకు వంతగా డప్పు తమ్ముణ్ని కూర్చోబెట్టారు.

"ఒగ్గు కథ మా తాతల నాటి విద్య," అన్నాను.

"అయితే?"

"అది ఖతం అయితున్నది. పిల్లలకు నేర్పాలె."

"అయితే? ఏ పిల్లలకు, అన్నా?"

కథ చెప్పమంటే తెల్లవార్లూ చెప్పేవాణ్ని, నా సంగతి చెప్పుకోలేకపోయాను. "చెయ్యి చాపినట్టున్నది సార్, సిగ్గయితున్నది," అన్నాను.

"కథ అయినంక శాలువా కప్పించుకుంటానికి లేని సిగ్గు, ఇప్పుడేంది? నువ్వు అడుక్కుంటలేవు. ఏం జేస్తవో చెప్తున్నవ్, అంతే," అన్నారు సారు.

రెండో ఏడాది గ్రాంటు వచ్చింది. వేములపల్లి బడిలో పిల్లలు ఇప్పుడు డోలు నేర్చుకుంటున్నారు. ఆ డోళ్ల మోత వినడానికి సారు ఒక్కసారైనా వచ్చారా అంటే, రాలేదు. మేం పిలిస్తే కదా.

దినాల నాడు మూడు ఊళ్ల కళాకారులం వెళ్లాం. టెంటు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టించాం. భోజనాలయ్యాక సారు భార్య మా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఆదివారం వచ్చిందంటే ఇంట్ల ఉండకపోతుండె. నా కంటి ఆపరేషన్ అయిన మర్నాడు గూడ కోదాడ పోయిన్రు. ఏం పనంటే దరఖాస్తులు అనేటోరు. రిటైరైనా ఈ దరఖాస్తులు ఇడువలేదని గునుక్కుంట ఉంటిని. నాకైతే సమజ్ గాలే. మీకు ఏం జేసేటోరు బిడ్డా ఆయన?"

"దేవుడమ్మా ఆయన," అన్నాడు డప్పు తమ్ముడు. నేను గొంతు సవరించుకుని "మహానుభావుడమ్మా, కళలకు ప్రాణం పోసిండు," అన్నాను.

ఆమె ఓపికగా విన్నది. "గదంత బయట ఫ్లెక్సీ మీద రాసిన్రు గద. నేనడిగింది ఆయన ఏం జేసేటోరని," అన్నది.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మళ్లీ అదే తప్పు. దండాలతో జాగా నింపేశాను, మనిషి ఎక్కడా లేడు. ఏం చేస్తామో చెప్పడం ఒక్కటే ఆయన మాకు నేర్పింది. అది ఆయన గురించే చెప్పాల్సి వచ్చేసరికి ఒక్కరికీ నోరు పెగలలేదు. ఎలా పెగులుతుంది? అందరినీ "అయితే?" అని అడిగిన మనిషిని, మీ ఇంట్లో ఎవరున్నారు సార్, అమ్మ ఆరోగ్యం ఎట్లున్నది అని మాలో ఏ ఒక్కరం అడగలేదు. కంటికి కట్టుతో ఈమె ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆదివారం, అక్కడ మేం ఆయన తెప్పించిన చాయ్ తాగుతున్నాం.

కుర్చీ దిగి ఆమె ముందు కింద కూర్చున్నాను. తల ఎత్తలేక చాప వైపే చూస్తూ మొదలుపెట్టాను.

"మిర్యాలగూడల రైసు మిల్లు వరండా ఉంటదమ్మా. సారు పొద్దుగాల్నే బస్సు దిగి, ఆ వరండా ఆయనే ఊడ్చేటోరు. చాపలు ఆయనే పరిచేటోరు. మేం వచ్చేటోళ్లం. అడుగుడంటే మాకు సిగ్గు..."

అక్కడ ఆగిపోయాను. ఆమె కళ్లద్దాలు తీసి, కొంగుతో మెల్లగా తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. కుర్చీ నా వైపు జరుపుకుంది.

"అయితే?" అన్నది.