ఎవరివో చేతులు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాటలో చెప్పవచ్చు. చనిపోయిన పిల్లాడి తలను ఎవరి ఒంటికో అతికించాను.

నాకు సూర్యాపేటలో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపు ఉంది. పెళ్లయినా, పదవి వచ్చినా, మనిషి పోయినా ముందు నా దగ్గరికే వస్తారు. సరిహద్దులో యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో, మా షాపు పక్కన ఇడ్లీ బండి నడిపే ఆమె కొడుకు పోయాడని కబురు వచ్చింది. వాళ్లది చివ్వెంల దగ్గర ఊరు. అతను మిలటరీలో దెబ్బతగిలిన సిపాయిలకు కట్లు కట్టి, మందులిచ్చే ఉద్యోగంలో ఉండేవాడు. మీసం ఇంకా దట్టంగా రాని వయసు.

చుట్టరికం లేకపోయినా నన్ను మామా అనేవాడు. చివరిసారి సెలవుకు వచ్చినప్పుడు, నేను ఫ్లెక్సీ కోస్తుంటే కట్టర్ జారి బొటనవేలు తెగింది. రక్తం చూసి కుర్చీలో కూలబడ్డాను. అతను బండి దగ్గరి నీళ్లతో కడిగి, వేలికి కట్టు చుట్టడం మొదలుపెట్టాడు.

"గింత దానికే గిట్లైతే ఎట్ల మామా? మా తానికొస్తే రెండో దినమే ఉరుకుతవ్."

"నువ్వేదో రోజూ తుపాకి పట్టినట్టు చెప్తవేంరా?"

"ట్రైనింగ్ల పట్టిన. అసలు నా పని తుపాకి పేలినంక మొదలైతది," అని తలెత్తి నవ్వాడు. పక్క షాపతను అప్పుడే ఫోన్లో ఫొటో తీసి నాకు పంపాడు. అందులో నా వేలు అతని రెండు చేతుల మధ్య ఉంది.

కబురు తెలిసిన సాయంత్రానికే ఆర్డర్లు మొదలయ్యాయి. సూర్యాపేటకు, అతను ఇంటర్ చదివిన కోదాడకు, మేనమామలున్న మిర్యాలగూడకు. యూనిఫాం ఫొటో చిన్నది, పెద్దది చేస్తే మసకబారుతోంది. స్పష్టంగా ఉన్నది నా ఫోన్లోని ఆ నవ్వే. ఒక నాయకుడి మనిషి స్క్రీన్ చూసి పెదవి విరిచాడు.

"గిదేందన్నా, కాంపౌండర్ లెక్కుండు. జర తుపాకి పెట్టు."

కుదరదని అనవచ్చు. అనలేదు. కాంపౌండర్‌లా ఉన్నాడని నాకూ అనిపించింది మరి. మెడ వరకు కత్తిరించి, నెట్‌లో దొరికిన కమాండో ఒంటి మీద పెట్టాను. నా వేలు పట్టుకున్న చేతులను పక్కన పడేశాను. మెడ దగ్గర రంగు కలపడానికే చాలాసేపు పట్టింది. అతుకు కనపడటం లేదని మురిసిపోయాను కూడా.

మర్నాడు శవపెట్టె ఊరికి వచ్చింది. తెరవవద్దని వెంట వచ్చిన సిపాయి చెప్పాడు. కింద పడిన తోటివాడికి కట్టు కడుతుండగా మీద ఫిరంగి గుండు పడిందట. తల్లి పెట్టె మీద చాలాసేపు తల ఆనించి, లేచి, ఇంటిముందు కట్టిన ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లింది. తుపాకి మీదున్న చేతులను వేళ్లతో తడిమి చూసింది. ఏడుపు ఆగిపోయింది. జనంలో నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"తమ్మీ, మొఖం నా కొడుకుదే. గీ చేతులు ఎవరియి?"

నా చూపు మెడ దగ్గరి అతుకు మీదికి పోయింది.

"వాని చేతులన్న సూసుకుందామనుకున్న. పెట్టె తియ్యరాయె. గీడ సూస్తే గియ్యి వానియి కావు."

అటువైపు జనం జై కొడుతూనే ఉన్నారు.

దినవారాలు ముగియకముందే నిచ్చెన పట్టుకుని బయలుదేరాను. సూర్యాపేటలోవన్నీ దించాను. నాయకుడి మనిషి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. మిర్యాలగూడలో కర్రలే మిగిలాయి. కోతల కాలం అది. మా వైపు ఫ్లెక్సీ వృథా కాదు, వడ్ల మీదికి పోతుంది. వెతుక్కుంటూ పోతే నిడమనూరు దగ్గర రోడ్డు పక్కన వడ్ల కుప్ప మీద అతని ముఖం ఆకాశంలోకి చూస్తూ కనిపించింది. నాలుగు మూలలా రాళ్లు.

"ఇది తీసుకపోత పెద్దయ్యా."

"మబ్బు కనపడ్తలేదా? వానొస్తే నా వడ్ల మీద నువ్వు పండుకుంటవా?"

"పోయిన పిల్లగాని బొమ్మ ఇది."

"ఎరుకనే. అందుకే కింద పరవలే, మీద కప్పిన."

ఫ్లెక్సీకి బదులుగా నేను కొనుక్కొచ్చిన కొత్త టార్పాలిన్ ఇద్దరం కలిసి కప్పాము. ఫ్లెక్సీ మడిచేటప్పుడు ముఖం మీద మడత పడకుండా ఆయనే పట్టుకున్నాడు.

తర్వాత ఆ పాత ఫొటోను ఏమీ కత్తిరించకుండా మామూలు కాగితం మీద వేయించాను. ఇడ్లీ బండి మళ్లీ పెట్టిన రోజున ఆమెకు ఇచ్చాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని, కొడుకు చేతుల మీద వేళ్లు పెట్టింది.

"గీ నడుమున్న వేలు నీదేనా?"

"నాదే అక్కా."

"మానిందా మరి?"

చూపించాను. వేలి మీద మిగిలిన ఆ గాటు గీత వంక చాలాసేపు చూసింది.

కోదాడలో కట్టిన ఫ్లెక్సీల్లో ఒకటి ఇంకా దొరకలేదు. అటు పని పడినప్పుడల్లా బండి వెనక ఒక టార్పాలిన్ కట్టుకునే వెళ్తున్నాను.