చిన్నత్త ఇంటి వంతు

మా చిన్నత్త నగేంద్రబాల నోట్లో నాలుక లేని మనిషని బెంగాల్లోని మా ఊరు చుంచుడాలో అందరూ అనుకునేవారు. ఆఢ్యల పెద్దింటికి కోడలిగా వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఒక్క విషయంలో మాత్రం ఆవిడ ఎవరి మాటా వినదని తర్వాత తెలిసింది. ఆ విషయం మా ఇలవేలుపు కృష్ణుడు, రాధావినోద్.

ఆఢ్యలది బంగారం వర్తకం. సప్తగ్రామం దగ్గర నది పూడిపోయి వ్యాపారం చచ్చినప్పుడు, మా పూర్వీకుడొకాయన పెట్టెలన్నీ వదిలేసి, విగ్రహాన్ని ఒళ్ళో పెట్టుకుని పడవెక్కాడట. నిజమో కాదో ఆ పడవకే తెలియాలి. ఎప్పుడో ఏ రాజుకో కోపమొచ్చి మా వాళ్ళను కులంలో కిందికి దించాడని బ్రాహ్మణులు మా చేతి నీళ్ళు ముట్టేవారు కాదు. మా ఇళ్ళలో దేవుడికి అన్నం నివేదన కూడా లేదు, ఉప్పులేని పూరీలే. “ఎవరు తాగకపోతేనేం, మన చేతి నీళ్ళు వినోద్ తాగుతాడుగా” అనేది చిన్నత్త.

మా మామగారు, ఆయన ఇద్దరు తమ్ముళ్ళు, ఈ మూడిళ్ళలో వినోద్ ఏడాదికొక ఇంట్లో ఉంటాడు. అక్షయ తృతీయ సాయంత్రం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేతుల మీద వెళతాడు. చివరి తమ్ముడు, చిన్నత్త భర్త, పోయాడు, కొడుకుల్లేరు, ఉన్నది కూతురు నిభ ఒక్కతే. మూడేళ్ళకోసారి వచ్చే ఆ ఏడాది కోసమే ఆవిడ మిగతా రెండేళ్ళూ గడిపేది. ఆయనకు దోమతెర కుట్టేది, చలికాలానికి బొంత కుట్టేది. మా మామగారు హరకుమార్‌కు అది కంటగింపు. కొడుకులేని ఇంటికి వంతేమిటనేవారు. సాకు దొరికితే ఆ వంతును మా ఇంటి వంతులో కలిపేసుకోవాలని చూసేవారు.

ఆ సాకు పేరు మైల. దేవుడు గడప దాటకముందు ఆ ఇంట్లో పురుడొస్తే వంతు పోయినట్టే. మంత్రసాని కాలు పెడితే పురుడు మొదలైనట్టే లెక్క. దేవుడు లోపలికొచ్చాక వస్తే మాత్రం పర్వాలేదు, పురోహితుడు చూసుకుంటాడు. ఇలాంటి ఆచారాలు పెట్టిన మగవాళ్ళలో ఒక్కడికైనా నొప్పులొచ్చి ఉంటే బాగుండేది.

స్వాతంత్ర్యం వచ్చిన నాలుగో ఏడు, వంతు మా ఇంటి నుంచి చిన్నత్త ఇంటికి మారాలి. తొలి కానుపుకు నిభ పుట్టింటికి వచ్చి ఉంది. ఇంకా మూడు వారాల గడువుందన్నారు. ఆ మధ్యాహ్నం నేను పూలదండలు ఇవ్వడానికి వెళితే, వెనక గదిలో నిభ చీర కొంగు పళ్ళ మధ్య బిగించి గోడకు ఆనుకుని ఉంది. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయట. తొలి కానుపు తెల్లారేదాకా కాదని చిన్నత్త లెక్క. నిభదీ అదే మాట. వినోద్ వచ్చేదాకా ఓర్చుకుంటానంది.

మంత్రసాని సుఖదను పిలుద్దామన్నాను. చిన్నత్త నా రెండు చేతులూ పట్టుకుంది.

“రెండు గంటలే అమ్మా. మీ మామగారికి తెలిస్తే వినోద్ ఇక ఈ గడప తొక్కడు. ఎవరికీ చెప్పకు.”

నేను చెప్పలేదు. ఇరవై ఏళ్ళదాన్ని, మామగారంటే భయం, చిన్నత్తంటే ప్రేమ. ఏం చెప్పుకున్నా, నోరు మూసుకున్నది నేనే.

సాయంత్రం మా ఇంటి నుంచి ఊరేగింపు బయలుదేరింది. పురోహితుడి చేతుల్లో వినోద్, పైన మామగారి గొడుగు, వెనక కోడళ్ళం. ప్రతి గుమ్మం దగ్గరా ఆగడమే. ఒకరు కాళ్ళకింద నీళ్ళు పోస్తారు, ఒకరు పూలు చల్లుతారు. మామగారు అందరి క్షేమాలూ అడుగుతున్నారు. శంఖం ఊదడం నా పని. ఊదినప్పుడల్లా, ఆ ఇంట్లోంచి కేక వచ్చినా ఇందులో కలిసిపోతుందిలే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఇంకా ఏడు గుమ్మాలున్నాయి. అప్పుడు చిన్నత్త వీధిలోకి వచ్చింది. మగవాళ్ళ ముందు ఎప్పుడూ నిలబడని మనిషి, నెత్తిన ముసుగు కూడా లేదు. తెల్లచీర అంచుకు నెత్తురు.

“బావగారూ, వినోద్‌ని వెనక్కి తీసుకెళ్ళండి” అంది. “నిభకి పొద్దున్నుంచి నొప్పులు. నేనే దాచాను. సుఖద రావాలి.”

సుఖద ఇల్లు మా వెనక, సందు మొదట్లో ఉంది. మేమంతా ఆ ఇరుకు సందును నింపేసి నిలబడ్డాం. దేవుడి పక్కనుంచి మంత్రసాని నడవకూడదు. ఆయన వెనక్కి తిరిగితే తప్ప దారి లేదు.

మామగారు గొడుగు కింద నుంచే నెమ్మదిగా అన్నారు. “తెలిసే అంటున్నావా? ఇవాళ తిరిగితే మళ్ళీ రాడు.”

“తెలుసు. తొందరగా తిరగండి.”

తిరిగాం. నేను శంఖం తోడికోడలి చేతిలో పెట్టి సుఖద ఇంటికి పరుగెత్తాను.

నిభ బతికింది. బిడ్డ బతకలేదు. మగపిల్లాడు, ఒత్తుగా జుట్టు. చేతులు కడుక్కుంటూ సుఖద ఎవరి వంకా చూడకుండా, మధ్యాహ్నమే పిలిచి ఉంటే బతికేవాడంది. చిన్నత్త విని తల ఊపింది. ఏడవలేదు. నాకు మాత్రం ఆ గదిలో నిలబడడం చేతకాలేదు.

నిభకు మళ్ళీ పిల్లలు కలగలేదు. అయిదేళ్ళకు అత్తవారు పంపించేస్తే పుట్టింటికే వచ్చేసింది. వినోద్ మా ఇంట్లోనూ నడిమింట్లోనూ మారుతూ ఉన్నాడు. చిన్నత్త పండగలకు వచ్చి చుట్టాల్లో ఒకతెలా వెనక నిలబడి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయేది.

మామగారికి పక్షవాతం వచ్చాక మనసు మెత్తబడింది. ఒక అక్షయ తృతీయకు ముందు చిన్నత్తను పిలిపించి, వంతు మళ్ళీ తీసుకోమని, ఆనాడు తను తప్పు చేశానని నత్తి మాటల్లో అన్నారు. ఆవిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

“వద్దు బావగారూ” అంది. “తప్పు మీది కాదు. నేను అడిగిన వెంటనే మీరు తిరిగారు. అడగడానికి సాయంత్రం దాకా ఆగింది నేను. ఆయన్ని ఇంటికి తెచ్చుకుంటే, ఆ రోజు ఎవరి కోసం ఆగానో నిభకి రోజూ కళ్ళ ముందే కనిపిస్తాడు.”

మామగారు మళ్ళీ అడగలేదు. నిభ ఒక్కతే ఇంట్లో ఉందని చిన్నత్త మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.