సాబెరా ఆపా వర్నిల తట్టిన తలుపు

నిన్న కూరగాయలు కోసుకుంట కూసున్న. మా పాత ఆఫీసోళ్ల గ్రూపుల మెసేజ్ పడ్డది. సాబెరా మేడం ఇక లేరు అని.

ఇంకెవరో సాబెరా అనుకున్న.

తర్వాత ఫోటో పెట్టిండ్రు. మా ఆపానే. ఆపా అంటే ఉర్దూల అక్క, నేను గూడ గట్లనే పిలిచేది.

మొన్ననే ఫోన్‌ల మాట్లాడిన. మోకాళ్లు తప్ప అంతా మంచిగనే ఉన్నదే విజయా అని నవ్వింది. నిద్రలనే పోయిందట.

నిజామాబాద్ కంఠేశ్వర్‌ల వాళ్లింటికి పోయి చూసొచ్చిన. ఇప్పటి పిల్లలకు ఆమె ఎవరో తెల్వదు. అందుకే రాస్తున్న.

డెబ్బైల మొదట్ల సంగతి. జనాభా సర్వే పనికి నిజామాబాద్‌ల కొంతమందిని తీసుకున్నరు. ముందుగాల స్టాటిస్టిక్స్ ట్రైనింగ్. క్లాసుల ఆడోళ్లం ఇద్దరమే. నేను ధర్‌పల్లి రైతు బిడ్డను. ఆపా బోధన్‌ల బట్టల దుకాణం సేఠ్ బిడ్డ. నాకంటే కొంచెం పెద్దది. రోజూ బస్సుల వచ్చేది. బురఖా తీసి, నీట్‌గ మడిచి, బల్ల మీద పెట్టి కూసునేది.

కంప్యూటర్లు ఎక్కడియి అప్పుడు? చేత్తోని తిప్పే లెక్కల మిషిన్ ఒక్కటుండె. దానికి లైన్ కట్టేది.

నాకు స్టాండర్డ్ డీవియేషన్ ఎక్కకపోతుండె. సగటు తెలిసినంక మళ్ల గిదెందుకు అని నా గొడవ.

ఆపా చెరుకు చేను మీద పెట్టి చెప్పింది.

"రెండు చేన్లున్నయి అనుకో. రెండిట్లల్ల గడల సగటు పొడుగు ఒక్కటే. ఒక దాంట్ల గడలన్నీ ఇంచుమించు సమానం. ఇంకో దాంట్ల ఒకటి మోకాలంత, ఒకటి మనిషికి రెండింతలు. సగటు ఒక్కటే చూస్తే రెండు చేన్లు ఒక్కతీరే అనుకుంటవ్. తేడా చెప్పేటిది గిదే."

అంతే. మళ్ల మర్వలే.

తర్వాత ఊర్ల మీద పడ్డం. వయసు అడిగితే ముసలోళ్లంతా యాభై, లేకుంటే అరవై. నడుమ అంకెలే లేవు. ఆపా ఇంకో తీరుగ అడిగేది. "అవ్వా, నిజాంసాగర్ కట్టేటప్పుడు నువ్వు సంకలుంటివా, నడుస్తుంటివా?" అవ్వలు నవ్వుకుంట యాది చేసుకునేటోళ్లు.

ఇగ అసలు సంగతి వర్నిల.

ఊర్ల ఇండ్లకు నంబర్లు వేసి, ఇంటి పెద్ద పేరు రాసుకొని, ర్యాండమ్ నంబర్ల టేబుల్ చూసి కొన్ని ఇండ్లు తీసేది. నంబర్ పడ్డ ఇంటికే పోవాలె. కుక్క ఉన్నదనో, మనుషులు మంచోళ్లు కాదనో పక్కింటికి పోవుడు లేదు.

ఆ రోజు ఆపా నంబర్లు తీస్తున్నది. ఒక నంబర్ కాడ ఆగిపోయింది.

"గిది మా బాజీ ఇల్లు."

బాజీ అంటే ఆమె సొంత అక్క. ఇంట్ల వద్దన్నా ఒక టైలర్‌ను నిఖా చేసుకొని వర్నికి వచ్చింది. అప్పటి సంది వాళ్ల అబ్బా, అంటే నాయిన, ఇంట్ల ఆమె పేరు ఎత్తనియ్యలే. అక్కచెల్లెండ్లు మొఖాలు చూసుకోక ఏండ్లయితున్నది.

"ఆ ఇల్లు నేను చేస్త తియ్యి ఆపా" అన్న.

"నా వాటాల పడ్డది. నేనే చేస్త. నువ్వు పక్కన ఉండు చాలు."

తలుపు తట్టింది. బాజీ తీసింది.

"సర్వేకి వచ్చినం బాజీ" అన్నది ఆపా.

బాజీ చాప వేసింది. ఆపా ఒక్కొక్కటి అడిగింది, వేరే ఇండ్లల్ల అడిగినట్టే. ఇంట్ల ఎంతమంది, వయసులు, చదువులు. తర్వాత,

"పుట్టిన పిల్లలు ఎందరు?"

"ముగ్గురు."

"ఇప్పుడున్నోళ్లు?"

"ఇద్దరు."

ఆపాకు తెల్వదు. వాళ్లింట్ల ఎవ్వరికీ తెల్వదు.

అయినా అడుగుడు ఆపలే. ఆడనా, మగనా, ఏ వయసుల, ఏమయింది. బాజీ గోడ దిక్కు చూసుకుంట చెప్పింది. ఆడపిల్ల. అప్పుడప్పుడే నడుస్తుండె. ఎండకాలంల వాంతులు, విరేచనాలు.

ప్రశ్నలన్నీ అయినంక ఆపా కాయితాలు నాకిచ్చింది.

"పేరేం పెట్టినవ్ బాజీ?"

"అమ్మీ పేరే."

వాళ్ల అమ్మీ అప్పటికే లేదు. ఇద్దరూ పట్టుకొని ఏడ్చిండ్రు. నేను బయటికొచ్చి అరుగు మీద కూసున్న.

పోయే ముందు ఆపా అన్నది, "సర్వేల చెప్పింది నేను బయట చెప్పొద్దు. గిది చెల్లెగ అడుగుతున్న. అబ్బాకు చెప్పనా?"

బాజీ కొంగుతోని మొఖం తుడ్చుకున్నది.

"చెప్పు. బిడ్డ పేరు గూడ చెప్పు."

ఆపా ఇంటికి పోయి అట్లనే చెప్పింది. తెల్లారి సేఠ్ సాబ్ దుకాణం తెరవకుంట వర్ని బస్సెక్కిండు.

బిడ్డను ఎక్కడ మట్టిల పెట్టిండ్రో చూపించమన్నడట.

ఆ ఏడు రంజాన్‌కు బాజీ పిల్లలను తీస్కొని బోధన్ వచ్చింది. నేను గూడ పోయి షీర్‌ఖుర్మా తాగొచ్చిన. అల్లునితోని మాత్రం సేఠ్ సాబ్ శానా రోజులు సరింగ మాట్లాడలే. అయినా అల్లుడు కుట్టి ఇచ్చిన షేర్వాణీ ఏసుకున్నడు.

ఆపా రిటైరయ్యే దాక అదే డిపార్ట్‌మెంట్. ఎంతోమందికి ట్రైనింగ్ ఇచ్చింది. ఫార్ములాలన్నీ చెప్పినంక ఒక్క మాట చెప్పేది.

"పోయిన పిల్లల గురించి తల్లి చెప్పినంక వెంటనే ఇంకో ప్రశ్న అడగకుండ్రి. జర ఆగుండ్రి."

నిన్న వాళ్లింటి ముంగట ఆమె దగ్గర నేర్చుకున్నోళ్లే శానా మంది నిలబడ్డరు. కొందరి తలలు నెరిసినయి.

పోయిరా ఆపా.

అమ్మీ కాడ, ఆ చిన్న బిడ్డ కాడ నువ్వు సల్లగ ఉండాలె. అల్లా నిన్ను నెమ్మదిగ ఉంచాలె.

నీ విజయ