లాభం నుంచి నూట ఇరవై దాకా

అవును పింకీ, తాతయ్య పాత కారు ఈల వేసేదన్నది నిజమే. మీ అమ్మ కల్పించి చెప్పలేదు. ఎక్కుడు దారి మొదలవగానే బానెట్ కింద నుంచి సన్నగా, కుక్కర్ కూత పెట్టడానికి ముందు వస్తుందే, అలాంటి చప్పుడు వచ్చేది. అది టర్బో చప్పుడు. ఆ టర్బో ఎందుకు పెట్టించామో, దాంతో ఎక్కడెక్కడికి వెళ్ళామో మీ ఇద్దరికీ సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. తమ్ముణ్ణి కూడా పిలువు. రేపెప్పుడైనా భిలాయి నుంచి కారులో వస్తే మీరూ ఆ సాలూరు ఘాటీ, అదే కొండ దారి, దిగే రావాలి కదా, దారి తెలుస్తుంది.

మా అప్ప ఉండేది సుంకిలో. అప్ప అంటే మా వైపు అక్క. సాలూరు దాటి ఘాటీ ఎక్కేస్తే ఒరిస్సాలో మొదట వచ్చే ఊరే సుంకి. మేమిద్దరం పుట్టి పెరిగింది కళింగపట్నంలో. మా నాన్నకి అక్కడ కిరాణా కొట్టు ఉండేది. అప్ప కొండ మీదికి కాపురానికి వెళ్ళాక సముద్రం మళ్ళీ చూడలేదు. మోకాళ్ళు పట్టేసి బస్సు మెట్లు ఎక్కలేకపోయేది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "ఒసే సిట్టీ, ఒక్కసారి తీసుకెల్లవే. నీల్లల్లో కాల్లెట్టీసి వచ్చీస్తాను. మరేటీ అడగను."

టర్బో పెట్టించడానికి ముందు ఏడాది ఒకసారి బయల్దేరాం. మీ తాతయ్య శ్రీకాకుళంలో నలభై ఏళ్ళు బియ్యం, పప్పుల కొట్టు నడిపిన మనిషి. బండి ఖాళీగా కదిలితే ఆయనకి ఒళ్ళంతా దురద. వదినగారికని వెనక సీటు మడిచి మూడు బియ్యం బస్తాలు వేశారు. ఘాటీ సగంలో ఒక కల్వర్టు మలుపు ఉంది. అక్కడ కారు ఇక నా వల్ల కాదంది. మొదటి గేరులో కూడా కదల్లేదు. వెనకనుంచి వచ్చిన లారీ డ్రైవరు దిగి చూసి, "బస్తాలు దింపీండి బాబూ, నాను కాపలా ఉంటాను. మీరెక్కీసి, మల్లీ వచ్చి ఎత్తుకెల్లండి" అన్నాడు. తాతయ్య దింపలేదు. నేను మెల్లగా ఒకసారి "దింపుదామండీ" అన్నాను. గట్టిగా అనలేదు. కారు వెనక్కి తిప్పేశారు. పైన అప్ప భోజనం వండుకుని రోడ్డు మీద కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చుందట.

ఆ తర్వాత ఏడాదికి ఆమె మోకాళ్ళు ఇంకా పాడయ్యాయి. చేతికర్ర వచ్చింది. ఈసారి ఎలాగైనా తీసుకొచ్చి తీరాలని నేను అనుకున్నాను. కారుకి టర్బో పెట్టిస్తే ఎక్కుతుందని ఎవరో తాతయ్యకి చెప్పారు. కొత్త కారు కొనే మాట ఎత్తలేదు. ఇదే కారు ఎక్కాలి, అంతే.

మంగళవారం ఉదయం ఆరు గంటలకి శ్రీకాకుళం నుంచి బయల్దేరాం. ఎచ్చెర్ల దగ్గర యూనివర్సిటీ పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఆటోల కోసం నిలబడి ఉన్నారు. రణస్థలంలో ఇడ్లీ తిన్నాం. నాతవలస దగ్గర హైవే వదిలేసి కుడివైపు తిరిగితే విజయనగరం దారి. ఎనిమిదిన్నరకల్లా ఊరి శివార్లలో ఉన్న షెడ్డుకి చేరాం.

మెకానిక్ పేరు అప్పలరాజు. నలభై ఏళ్ళుంటాయి. ముందు ఏడాది కారు ఎక్కకపోవడం, అప్ప కుర్చీ వేసుకుని ఎదురుచూడటం అన్నీ అతనికి చెప్పాను. మాట కరుకు, చెయ్యి మాత్రం నెమ్మది. పాడుబడిన వేరే డీజిల్ కారులోంచి తీసిన టర్బోని బాగుచేసి బల్ల మీద పెట్టాడు. నత్తగుల్లలా ఉంది. దానికి గొట్టాలు, నూనె పైపులు, బిగించే పట్టీలు అన్నీ వరసగా పేర్చాడు.

"ఇదేటి సేస్తాది బాబూ?" అన్నాను.

"సైలెన్సర్లోకి పోయే వేడిగాలి ఉన్నాది కదమ్మా, అది ఊరికే పోకుండా ఇందులో పంకా తిప్పుతాది. ఆ పంకా ఇంజన్లోకి ఇంకాస్త గాలి తోస్తాది. గాలెక్కువైతే బలం ఎక్కువ."

ఊరికే పోయేదాన్ని వాడుకోవడం అనేసరికి తాతయ్య మొహం వెలిగిపోయింది. "సూసేవా, దండగ లేదు" అన్నారు నాతో.

"ఉన్నాది బాబూ, ఒక దండగ ఉన్నాది" అన్నాడు అప్పలరాజు. "ఆ పంకా ఇరుసుకి ఇంజన్ నూనే పేణం. గట్టిగా తోలుకొచ్చి టక్కున ఇంజన్ ఆపీసినారనుకో, నూనె ఆగిపోతాది, పంకా ఎర్రగా కాలిపోయి ఉంటాది. ఇరుసు పట్టీస్తాది. అందుకని బండి నిలబెట్టినాక రెండు నిమషాలు ఇంజన్ అలా నడవనియ్యాల. అప్పుడే తాళం తిప్పాల."

వెలిగిన మొహం కాస్తా ఆరిపోయింది. మీ తాతయ్య సంగతి మీకు తెలియనిదేముంది. రైలు గేటు దగ్గర ముందున్న బండి ఆగేలోపే ఇంజన్ ఆపేసే మనిషి. పల్లం కనబడితే ఇంజన్ ఆపి జారుకుంటూ పోయే మనిషి. బండి నిలబడి ఉండగా ఇంజన్ నడుస్తుంటే, నూనె డబ్బాకి చిల్లు పడి కారిపోతున్నట్టు చూసేవారు.

అప్పలరాజు ఆయన్ని చూసి, నన్ను చూసి, "అమ్మా, మీకే సెప్తన్నాను" అన్నాడు.

పని రెండు రోజులు. స్టేషన్ దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. గది చిన్నదే గానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. బుధవారం తాతయ్య షెడ్డు వదిలి కదల్లేదు. నేను పది గంటల బస్సుకి రామతీర్థం వెళ్ళాను. పక్క సీట్లో వంకాయల బుట్టతో ఒక రైతమ్మ కూర్చుంది.

"ఒక్కదానివే వచ్చినావేటమ్మా? బండీ గిండీ లేదా?"

"ఉంది. ఆసుపత్రిలో పెట్టాం. ఊపిరాడటం లేదంటే ఊపిరి పెట్టిస్తున్నాం."

"మా ముసలోడికీ పెట్టించీమని సెప్పమ్మా, మెట్లెక్కితే ఆయాసం" అని ఒకటే నవ్వు. దిగేటప్పుడు నాలుగు వంకాయలు నా సంచిలో పడేసింది. రాముడి గుడికి వెళ్ళి అప్ప మోకాళ్ళ గురించి చెప్పుకుని, మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చేశాను.

గురువారం ఉదయం ఏడింటికి కారు చేతికొచ్చింది. ఒక మాట. ఇలాంటిది మీరు చేయించాలనుకుంటే ముందు రవాణా ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు వాళ్ళనీ అడగండి. మేము ముందే అడిగి కాగితాలు పెట్టుకున్నాం. తాతయ్య వదినగారికని తెచ్చిన బియ్యం బస్తా కూడా మళ్ళీ ఎక్కించారు. నా మాట మీద మూడు కాస్తా ఒకటయింది.

గజపతినగరం దాటాక ఒక బస్సుని దాటేశారు. ఆయన జన్మలో బస్సుని దాటడం నేను చూడలేదు. కారు ఈల వేస్తోంది, ఆయనా సన్నగా ఈల వేస్తున్నారు. రామభద్రపురంలో టీ కొట్టు ముందు అదే ఊపులో వచ్చి ఆపారు. ఆపడం, తాళం తిప్పెయ్యడం ఒకేసారి జరిగిపోయాయి. నేను నోరు తెరిచేసరికే అయిపోయింది. బానెట్ సందులోంచి మాడిన నూనె వాసన, దారమంత పొగ.

అప్పలరాజుకి ఫోన్ చేశాను.

"మొన్ననే సెప్పినాను కదమ్మా! సరే, ఒక్కసారికి ఏటవదు. మల్లీ స్టార్టు సేసి సప్పుడు యినిపించండి." వినిపించాం. "పర్లేదు. గానీ ఇలాటివి ఇంకో రెండైతే ఘాటీ మజ్జలోనే పట్టీస్తాది. మీ అప్పగారు మల్లీ కుర్సీ యేసుకుని కూకోవాల."

తాతయ్య టీ తాగకుండా గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "నాకు గుర్తుంటాదే. సెయ్యే ఇనదు" అన్నారు.

నిజమే, అది చేతికి పట్టిన అలవాటు. మాటలతో పోదు. సాలూరు వెళ్ళేదాకా దాని గురించే ఆలోచించాను. అక్కడ బంకులోకి తిరుగుతుండగా నాకు తోచింది. బంకులో ఇంజన్ ఆపాలి కదా. "పక్కన నిలబెట్టండి" అన్నాను. నిలబెట్టారు. చెయ్యి తాళం మీదికి పోతోంది.

"లాభం" అన్నాను.

మీకు తెలియదేమో. మన కొట్లలో గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరు. మొదటి కుంచానికి లాభం అని, ఆ తర్వాత రెండు, మూడు అంటారు. ఒకసారి లాభం అన్నాక మధ్యలో ఎవరు పిలిచినా పలకరు, చెయ్యి ఇంకో పని ముట్టదు. లెక్క తప్పితే కొలిచిందంతా కుప్పలో పోసేసి మళ్ళీ లాభం నుంచే. మీ తాతయ్య కొట్లో ఉండగా ఒకసారి తేలు కనబడినా లెక్క ఆపలేదు.

ఆయన చెయ్యి ఆగిపోయింది. "రెండు... మూడు... నాలుగు..." అన్నారు, తెలియకుండానే.

బంకు కుర్రాడు చెయ్యి ఊపాడు. "ముందుకి రండి బాబూ! ఏటది, మంత్రమేటి?"

"కాదు, కొలత. నూట ఇరవై అయ్యాక వస్తారు" అన్నాను. రెండు నిమిషాలంటే నూట ఇరవయ్యే కదా.

పదకొండింటికి ఘాటీ ఎక్కడం మొదలుపెట్టాం. రెండో గేరు. కిటికీలు దించేశాం. జీడిమామిడి తోటలు కిందికి పోతున్నాయి. ఇంజన్ వేడి చూపించే ముల్లు మీద నా కన్ను, రోడ్డు మీద ఆయన కన్ను. కల్వర్టు మలుపు వచ్చింది. కారు ఒకసారి బరువుగా మూలిగింది, ఆ తర్వాత ఈల లేచింది. మలుపు తిరిగి పైకి పోయాం. చాలా దూరం వెళ్ళాక ఆయన, "బస్తాతోటే ఎక్కింది" అన్నారు. గెలిచిన మనిషి గొంతులా లేదు అది.

అప్ప ఈసారీ రోడ్డు మీదే కుర్చీ వేసుకుని ఉంది. మమ్మల్ని చూసి కర్ర ఎత్తింది. మేము దిగకుండా కారులోనే కూర్చుని ఉండగా, ఆయన లెక్కపెడుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "ఏటే, మీ ఆయన నన్ను సూసి జపం సేస్తన్నాడేటి?" అంది. సంగతి చెప్పాను. ఆమె కూడా కొట్టులో పెరిగిందే కదా, చివరి ఇరవై అంకెలు తనే గట్టిగా చెప్పింది.

ఆ రోజు అక్కడే ఉండి, శుక్రవారం ఉదయం ఏడింటికి దిగడం మొదలుపెట్టాం. అప్పని ముందు సీట్లో కూర్చోబెట్టాం. దిగుడు కనబడగానే మీ తాతయ్య నా వైపు అద్దంలో చూశారు. "ఇంజన్ ఆపడానికి లేదు, గేరులోనే దిగాలి" అన్నాను. అలాగే దిగారు. ఘాటీలో ఇంజన్ ఆపి జారితే బ్రేకులు కూడా సరిగ్గా పట్టవు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోండి. బొబ్బిలిలో కాఫీ, రాజాంలో భోజనం. పొందూరు మీదుగా చిలకపాలెం వచ్చి హైవే ఎక్కి, మూడున్నరకి కళింగపట్నం చేరాం.

రోడ్డు అయిపోయిన చోట, ఇసక మొదట్లో కారు నిలబెట్టారు. ఎదురుగా సముద్రం. పడవలు ఒడ్డున పడుకుని ఉన్నాయి. ఎండుచేపల వాసన తగిలేసరికి అప్ప గట్టిగా ఊపిరి పీల్చింది.

"లాభం" అని మొదలుపెట్టారు తాతయ్య. ఇప్పుడు నేను చెప్పక్కర్లేకుండా పోయింది.

అప్ప ఆగలేదు. తలుపు తీసి, కర్ర ఆన్చి దిగింది. ఇసకలో ఒక అడుగు, రెండో అడుగు. నాలుగో అడుగుకి మోకాలు మడత పడింది. నేను పరుగెత్తి పట్టుకున్నాను. నీళ్ళు ఇంకా వంద అడుగుల దూరంలో ఉన్నాయి. ఆ ముందు ఏడాదే, బస్తాలు దింపి తీసుకొచ్చుంటే, నడిచేసేది. అప్పటికి కర్ర కూడా లేదు. ఆమెను మెల్లగా తెచ్చి సీటు అంచున కూర్చోబెట్టాను.

"నలభై రెండు... నలభై మూడు..."

లెక్క ఆగిపోయింది. నేను తల తిప్పి చూశాను. తేలు కనబడినా ఆపని మనిషి. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. అప్ప పాదాల వంక చూస్తున్నారు.

"వదినా, పోయినేడు..." అన్నారు.

అప్ప వెనక్కి తిరగలేదు. "లెక్క తప్పీసినావు మరిదీ. మల్లీ లాభం నుంచి లెక్కెట్టు" అంది.

ఆయన మళ్ళీ లాభం నుంచి మొదలుపెట్టారు.

అప్పుడే చేపలు తిరగేస్తున్న ఒక ఆవిడ మమ్మల్ని చూసి అరిచింది. "ఏటమ్మా, రాలేకపోతన్నావా? ఉండు." పెద్ద అల్యూమినియం బేసిను పట్టుకుని అలల్లోకి దిగి, నిండా ముంచి, నెత్తిన పెట్టుకుని తెచ్చి అప్ప కాళ్ళ దగ్గర దింపింది. అడుగున ఇసక, ఒక చిన్న గవ్వ. అప్ప రెండు పాదాలూ అందులో పెట్టింది.

"సముద్రాన్ని బేసిన్లో తెచ్చీసినావేటే!"

"సాలకపోతే సెప్పు, ఇంకో బేసిను తెస్తాను. ఏటి, తరిగిపోద్దా?"

మూడు బేసిన్లు తెచ్చింది. వద్దన్నకొద్దీ తెచ్చింది. అప్ప గవ్వ తీసి కొంగున ముడేసుకుంది. ఆవిడ ఏమీ తీసుకోనంటే, తాతయ్య కారు వెనక తలుపు తీసి, సుంకిలో దింపడం ఆయన మరిచిపోయారని నేనూ అప్పా అనుకున్న బియ్యం బస్తా భుజాన వేసుకుని వెళ్ళి ఆవిడ గుడిసె ముందు దించి వచ్చారు. అది మరిచిపోవడం కాదేమో, అప్ప ముందు దించడానికి మొహం చెల్లలేదేమో.

ఐదున్నరకి శ్రీకాకుళం బయల్దేరాం. బస్తా లేని ఖాళీ కారు. అప్ప నిద్రపోయింది, పాదాలకి ఇసక అంటుకునే ఉంది. ఈల వినబడుతూనే ఉంది. మొత్తం మీద ఆ నాలుగు రోజుల ప్రయాణంలో నాకు నచ్చింది ఏమిటంటే, ఆగిన చోటల్లా మేమిద్దరం ఏ పనీ లేకుండా రెండు నిమిషాలు పక్కపక్కన కూర్చోవడం. అలా కూర్చున్నది అంతకుముందు ఎప్పుడో గుర్తులేదు. ఇంటి గేటు ముందు ఆయన నూట ఇరవై పూర్తి చేసి తాళం తిప్పాక, "నలభై మూడు దగ్గర అప్పతో ఏం చెప్పబోయారండీ?" అని అడిగాను.

తాళం తీసి జేబులో వేసుకున్నారు. వెళ్ళి, అప్ప దిగడానికి తలుపు తెరిచి పట్టుకున్నారు. ఆ తర్వాత కూడా చాలాసార్లు అడిగాను, కారు అమ్మేసిన రోజున కూడా అడిగాను.

పోయినేడు ఏమిటి?