మడ గుంజలు

నాగదుర్గది చేపల వేటకెళ్లే కుటుంబం. మొగల్తూరు దిగువన వాళ్ల నాన్న ఏటి ఒడ్డున మడ చెట్టుకే పడవ కట్టేవాడు. ఆమె డిగ్రీ చదివి ఒక సంస్థలో చేరింది. ఉప్పుకి తట్టుకునే వరి వేయించడం, ఒడ్డున మిగిలిన మడ అడవిని కాపాడటం, రెండూ ఆమె పనులే. రెండూ ఒకటేనని ఆమె నమ్మకం.

పాత పటాలు తిరగేస్తే ఆ ఏరు ఇప్పుడున్న చోట కనిపించదు. ఒడ్డు కోసుకుంటూ పక్కకి జరగడం దాని స్వభావం; పట్టి ఆపేది మడ వేళ్లే. పుస్తకాలక్కర్లేదు, ఒడ్డున నిలబడి ఒక్క సముద్రపు పోటు చూస్తే చాలు.

ఏటి పక్కన అమ్మిరాజుకి ఎకరం చేను. చుట్టూ అందరూ తమ చేలని రొయ్యల చెరువులకి ఇచ్చేశారు.

"ఈ ఏడు పండితే చేను, లేదంటే చెరువేనండి" అంటూ ఆమె ఇచ్చిన విత్తనం వేశాడు.

రైతుల మీటింగులో నాగదుర్గ అంది: "ఉప్పు బురదలో ఏ కర్రయినా కుళ్లుద్ది బాబాయ్ గారూ, మడ కుళ్లదు. ఒడ్డుని నిలబెట్టేది అదే."

అక్కడ గట్లకి గుంజలు దించడం తాతల నాటి అలవాటు. సరుగుడు గుంజ త్వరగా మెత్తబడుతుంది. అమ్మిరాజు ఆ మాట మనసులో పెట్టుకుని, చేనుకి ఎదురుగా ఒడ్డు మీదున్న మడంతా నరికి తన గట్టు పొడవునా పాతాడు.

"ఏంటి బాబాయ్ గారూ ఇది!"

"మీరు చెప్పిందేనండి. ఏనుగొచ్చి తోసినా కదలదు."

"ఇంటి తలుపు బిగించమంటే ఖాళీ లేదంటాడు, చేనుకి మాత్రం కోట కట్టాడమ్మా" అని నవ్వింది అతని భార్య వీరవేణి.

"నేను చెప్పింది ఒడ్డున బతికున్న చెట్టు గురించి."

"అక్కడుంటే ఒకటి, ఇక్కడుంటే ఒకటీనా అండీ?" అన్నాడు అమ్మిరాజు.

నాగదుర్గ ఒడ్డున ఆ ఖాళీలో మడ మొలకలు నాటింది. అవి వేళ్లూనడానికి ఏళ్లు పడుతుంది. వరి పాలు పోసుకునేసరికే తుఫాను వచ్చింది. నరికిన మేర ఒడ్డు విరిగి ఏరు గట్టు మీద పడింది. నీళ్లు తగ్గాక చూస్తే గుంజలన్నీ నిలబడే ఉన్నాయి. వాటి మధ్య మట్టి లేదు. వెనక వరి అంత ఉప్పునీటికి ఆగలేక తెల్లగా మాడిపోయింది.

చెరువు తవ్వే మిషను వచ్చిన రోజు నాగదుర్గ వెళ్లింది. అమ్మిరాజు బురదలో దిగి గుంజలు పీకుతున్నాడు.

"చెరువాయన అడిగాడండి, గట్టి కర్ర కదా" అన్నాడు తలెత్తకుండానే. ఇంకో గుంజ పట్టి లాగుతూ, "ఓ చెయ్యి వెయ్యండమ్మా, రావట్లేదు."

ఆమె చెప్పులు విప్పి దిగింది.